నిమ్మరసం, బెల్లం నీళ్ళు, గదికి తాళం: ఈ మెసేజ్ ప్రాణం మీదికి తెస్తుంది

వారం రోజులుగా విజయవాడ, గుంటూరు గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కాలనీ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, పెళ్ళి పనులకని పెట్టిన గ్రూపు, ఆఖరికి మందుల షాపుల వాళ్ళ గ్రూపు కూడా వదల్లేదు. "నొప్పి మాత్రల మహమ్మారి, తల్లిదండ్రులారా మేలుకోండి" అని మొదలై "కనీసం పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. అందులో ఉన్నవి ఇవీ: మన రాష్ట్రంలో ప్రతి ముగ్గురిలో ఒకరు నొప్పి మాత్రలకు బానిస. జ్వరం బిళ్ళతో సహా అన్నీ మత్తుమందులే. అట్ట మీద ఎర్ర గీత ఉంటే డ్రగ్. కూల్‌డ్రింక్‌తో వేసుకుంటే విషం. క్యాన్సర్ రోగికి మార్ఫిన్ ఇవ్వనివ్వొద్దు. మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండా అమ్ముతున్నారు. అలవాటు పడ్డవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, మూడు రోజులు నిమ్మరసం, బెల్లం నీళ్ళు ఇస్తే చాలు, డాక్టరు అక్కర్లేదు.

చిన్నవి ముందు పక్కన పెడదాం. ఎర్ర గీత అంటే చీటీ మీద అమ్మాల్సిన మందని గుర్తు, అంతే. యాంటీబయాటిక్ అట్ట మీదా అదే గీత ఉంటుంది. మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మందుకైతే ఎడమవైపు పైమూల ఎర్ర అక్షరాల్లో ‘ఎన్ఆర్ఎక్స్’ అని ఉంటుంది. ఇక కూల్‌డ్రింక్ సంగతి వట్టి పుకారు.

ముగ్గురిలో ఒకరన్న లెక్క ఎక్కడిదో మెసేజ్‌లో లేదు. ఉన్న లెక్క వేరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. 186 జిల్లాల్లో రెండు లక్షల పైచిలుకు ఇళ్ళు తిరిగి, 10 నుంచి 75 ఏళ్ళ లోపు 4,73,569 మందిని అడిగారు. గడిచిన ఏడాదిలో నల్లమందు జాతి మత్తు ఏదో ఒకటి వాడినవాళ్ళు 2.06 శాతం. హెరాయిన్ 1.14, మందుల షాపు రకాలు 0.96, నల్లమందు 0.52. ఒకే మనిషి రెండు రకాలు వాడొచ్చు కాబట్టి వీటిని కూడితే మొత్తం రాదు. అంటే షాపులో దొరికే మాత్రల్నీ సూదుల్నీ మత్తు కోసం వాడేవాళ్ళు వందకి ఒకరి లోపే. వాళ్ళలోనూ అందరూ బానిసలు కారు. వాడటం వేరు, హాని జరుగుతున్నా వాడటం వేరు, అది లేకపోతే నడవని స్థితి వేరు. ఇంటికొచ్చి అడిగితే నిజం చెప్పనివాళ్ళుంటారు, ఒప్పుకుంటాను. అందుకని ఆ అంకెని మూడింతలు చేసినా వందకి ముగ్గురు. ముప్ఫై ముగ్గురు ఎక్కణ్ణుంచి వచ్చారు?

అలాగని మన దగ్గర ఏమీ లేదని కాదు. ఈ జాతి మందుల సమస్యకి వైద్యం అవసరమైనవాళ్ళలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారని అదే సర్వే చెప్పింది. ఆ జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్‌ల సరసన ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. మెసేజ్ రాసినవాళ్ళు ఈ ఒక్క వాక్యం చదివి ఉంటే, లేని అంకె పుట్టించాల్సిన పని పడేది కాదు.

అన్ని నొప్పి మాత్రలూ మత్తుమందులే అన్నమాట తప్పే కాదు, చూడాల్సినచోట చూడనివ్వదు. పారాసెటమాల్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ మత్తు ఎక్కించవు. ట్రమడాల్, టపెంటడాల్, కోడీన్, పెంటజోసిన్ సూది, ఇవి అలవాటు చేసేవి. రెండు జాతుల హాని రెండు దారుల్లో వస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో ఎండలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, చేలో పొద్దంతా వంగి కాయ కోసే ఆడవాళ్ళు రోజూ మింగేది ఎక్కువగా మొదటి రకం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాన్నే డైక్లోఫెనాక్ ఆపేస్తుంది. నీళ్ళు సరిగా తాగని మే నెల మధ్యాహ్నం, టెల్మిసార్టాన్‌తో పాటు నీరు తీసే మందు కలిసిన బీపీ బిళ్ళ, దాని పైన ఆర్ఎంపీ చేసిన డైక్లోఫెనాక్ సూది: ఈ మూడూ కలిస్తే మంచి కిడ్నీ కూడా రోజుల్లో దెబ్బతినొచ్చు. పాంటాప్రజోల్ వేసుకుంటున్నాం కదా, భయం లేదంటారు. అది కడుపుని కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. ఇందులో మత్తూ లేదు, బానిసత్వమూ లేదు. ‘డ్రగ్స్’ కోసం పిల్లల సంచులు వెతికే ఇంట్లోవాళ్ళు నాన్న రోజూ మింగే ఈ బిళ్ళని పట్టించుకోరు.

ట్రమడాల్ కథ ఇంకోరకం. నొప్పి తగ్గించడంతో పాటు కొంతమందికి చురుకు వచ్చినట్టు చేస్తుంది. రాత్రి లోడు తోలే డ్రైవరుకీ, బస్తాలు మోసేవాడికీ ముందు పనికొచ్చినట్టే ఉంటుంది. చాలామందికి మొదలయ్యేది నడుము నొప్పికో, యాక్సిడెంటయ్యాక ఆపరేషనుకో డాక్టరు రాసిన చీటీతోనే. కాలేజీ పిల్లల మీదే కన్నేసి ఉంచితే నలభై ఏళ్ళ మనిషి కనపడడు. ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన బిళ్ళలో సాధారణంగా 37.5, 325 మిల్లీగ్రాములుంటాయి. రోజుకి పదిహేను మింగితే ట్రమడాల్ 562 దాటుతుంది, గరిష్ఠ పరిమితి 400. ఆపైన ఫిట్స్ ముప్పు పెరుగుతుంది, డిప్రెషన్ మందులు వాడుతుంటే ఇంకా ఎక్కువ. పారాసెటమాల్ 4,875 అవుతుంది, అది లివర్ మీద పడుతుంది.

మార్ఫిన్ వద్దనమన్న ముక్క చదివితే కడుపు మండుతుంది. ఎముకలకి పాకిన క్యాన్సర్‌తో రాత్రంతా అరిచే మనిషికి నొప్పి లేకుండా చేసే మందుని, ‘అలవాటవుతుంది’ అని ఆపమంటున్నారు. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ పని చేసేది సుమారు 4 గంటలు. అందుకే నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి ఇస్తారు. తక్కువతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతారు. మొదటి రోజుల మగత తగ్గిపోతుంది. మలబద్ధకం తగ్గదు కాబట్టి విరేచనానికి మందు మొదటి రోజు నుంచే ఇస్తారు. రేడియేషన్‌తో నొప్పి తగ్గితే మోతాదు మెల్లగా దించుతారు. ఈ మందు రోగులకి అందడం లేదనే పార్లమెంటు 2014లో మత్తుమందుల చట్టం సవరించింది. చట్టం తెరిచిన తలుపుని ఒక ఫార్వర్డుతో మూయకండి.

చీటీ లేకుండా అమ్ముతున్నారన్నది మాత్రం నిజం. ఈ ఒక్కటీ మెసేజ్‌లో సరిగ్గా ఉంది, నిజానికి తక్కువే చెప్పింది. 2014 మార్చి నుంచి, అమ్మకం మీద గట్టి నిఘా ఉండాల్సిన ‘హెచ్1’ జాబితా మందులకి షాపులో వేరే రిజిస్టరు ఉండాలి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రాసి 3 ఏళ్ళు దాచాలి. ఇంకో నియమం చాలామంది కొనేవాళ్ళకి తెలియదు. చీటీ మీద డాక్టరు సంతకం పైన షాపు పేరు, చిరునామా, తేదీ వేయాలి. మళ్ళీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే ఆ చీటీకి రెండోసారి ఇవ్వకూడదు. ఆ ముద్ర వేయరు కాబట్టే ఒకే చీటీ నాలుగు షాపులు తిరుగుతుంది, ఇప్పుడైతే ఫోన్లో ఫొటోగా తిరుగుతుంది. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టంలోకి తెచ్చారు. ఒకటి బిగిస్తే వాడకం పక్కదానికి జరుగుతుంది, అందుకే ఇప్పుడు టపెంటడాల్ పేరు వినపడుతోంది.

ఇక తాళం సంగతి. మెసేజ్‌లో మిగతావన్నీ అబద్ధమైనా ఎవరూ చావరు. దీనివల్ల చస్తారు.

ట్రమడాల్ లాంటి అలవాటైన మందు ఉన్నట్టుండి ఆపితే 12 నుంచి 24 గంటల్లో ముక్కు కారడం, ఆవలింతలు, ఒళ్ళు జలదరింపు మొదలవుతాయి. రెండు మూడు రోజులకి వాంతులు, విరేచనాలు, కాళ్ళ పీకుడు, నిద్ర లేకపోవడం తారస్థాయికి చేరతాయి. వారం పది రోజులకి సర్దుకుంటాయి. అంటే మూడో రోజు తాళం తీస్తే మనిషి బయటికొచ్చేది బాధ నడి మధ్యలో. మన ఎండల్లో వాంతులూ విరేచనాలతో మూసిన గదిలో ఉన్నవాడికి బెల్లం నీళ్ళు చాలవు, ఓఆర్ఎస్ కావాలి, అదీ ఆగకపోతే సెలైన్ కావాలి. గర్భిణి అయితే బిడ్డకి ప్రమాదం. పక్కనే నిద్ర కోసమని అల్ప్రాజొలామ్ కూడా మింగుతుంటే, అది చాలామంది ఇంట్లో చెప్పరు, రెండూ ఒక్కసారి ఆపితే ఆ రెండోదాని వల్ల ఫిట్స్ వస్తాయి. తాళం వేసిన గదిలో ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?

ఇవన్నీ దాటినా అసలు గండం తర్వాత ఉంది. రోజుకి పదిహేను బిళ్ళలకి ఓర్చుకున్న ఒళ్ళు ఆపిన కొద్ది రోజుల్లోనే ఆ ఓర్పు పోగొట్టుకుంటుంది. కోరిక మాత్రం పోదు. తాళం తీసిన రెండో వారం పాత అలవాటున అవే పదిహేను మింగితే, పైన కాస్త మద్యం పడితే, ఊపిరి ఆగిపోవచ్చు. ఇంట్లోవాళ్ళేమో మానేశాడనుకుని నిశ్చింతగా ఉంటారు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ముందు నిజమైన లెక్క కావాలి. ‘రెండు వేసుకుంటాను’ అన్నది నమ్మకుండా ఖాళీ అట్టలు లెక్కపెట్టండి. అట్టలన్నీ, నిద్ర మాత్రలతో సహా, సంచిలో వేసుకుని గుంటూరు పెద్దాసుపత్రిలోనో విజయవాడ పెద్దాసుపత్రిలోనో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి. డాక్టరు కొందరికి పదో వంతు చొప్పున వారాల తరబడి తగ్గిస్తారు. కొందరికి నాలుక కింద పెట్టే బుప్రెనార్ఫిన్, నలాక్సోన్ కలిసిన బిళ్ళ ఇస్తారు. అది విత్‌డ్రాయల్ లక్షణాలు, అంటే మందు ఆపాక వచ్చే బాధలు, మొదలయ్యాకే ఇవ్వాలి, ముందే పెడితే ఆ బాధంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అందుకే అది ఇంట్లో చేసే పని కాదు. నిద్ర మాత్రని వేరేగా, ఇంకా నెమ్మదిగా దించుతారు. పోలీసు కేసవుతుందని భయపడేవాళ్ళకి: ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో తనంతట తాను వైద్యానికి వచ్చిన వ్యసనపరుడికి, వాడకం కేసులోనూ కొద్దిపాటి మందు కేసులోనూ, మత్తుమందుల చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. షాపుల మీద ఫిర్యాదుకి రాష్ట్ర మత్తుమందుల నిరోధక పోలీసు విభాగం ‘ఈగల్’ నంబరు 1972.

మనిషి లేపినా లేవకుండా, కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోయి, నిమిషానికి పదిసార్లు కూడా ఊపిరి తీయకుండా, పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయండి. పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, ఊపిరి గమనిస్తూ, అంబులెన్సు వాళ్ళకి మందు పేరు చెప్పండి. వాంతి చేయించొద్దు. నిమ్మరసం నోట్లో పోయొద్దు, స్పృహ లేనివాడికి అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.