పసుపు కోటు నల్లగా పడింది

వందేళ్ల నాటి నాటకాల ఫొటోలకి ఏఐతో రంగులద్ది సోషల్ మీడియాలో పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. పట్టు అంగీలు, డ్రాగన్ల ఎంబ్రాయిడరీ ఉన్న చైనా కథల నాటకాలైతే ఇక చెప్పక్కర్లేదు. చూడ్డానికి బాగానే ఉంటాయి. ఆ రంగుల్ని మాత్రం నమ్మకూడదంటాను. ఆ మాటకొస్తే బట్టల్ని కూడా సగమే నమ్మాలి.

1912 నవంబరులో న్యూయార్క్‌లోని ఫుల్టన్ థియేటర్‌లో ‘ది ఎల్లో జాకెట్’ అనే నాటకం వేశారు. రాసినవాళ్లు జార్జ్ హేజిల్టన్, హ్యారీ బెన్రిమో. ఇద్దరూ అమెరికన్లే. శాన్‌ఫ్రాన్సిస్కోవాడైన బెన్రిమోకి అక్కడి చైనాటౌన్ నాటకశాలలు బాగా తెలుసు. కథంతా ఒక పసుపు కోటు చుట్టూ తిరుగుతుంది. రాజ్యాధికారానికి గుర్తు అదే.

చిక్కు ఎక్కడంటే, ఆనాటి మామూలు ఫొటో ప్లేటుకి, అంటే మందు పూసిన గాజు పలకకి, నీలం వెలుగు తప్ప మిగతావి సరిగా ఆనేవి కావు. పసుపు బట్ట ముదురు బూడిదరంగులో పడేది. దాని మీద నీలి దారంతో కుట్టిన అలలుంటే అవి తెల్లగా తేలేవి. అంటే చూసినదానికి తలకిందులు! 1873లో హెర్మన్ వోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేటు మందులో అద్దకపు రంగులు కలిపి ఆకుపచ్చని, పసుపుని కొంతవరకు దారికి తెచ్చాడు. ఎరుపు మాత్రం నలుపుగానే మిగిలింది. అన్ని రంగులూ పట్టే ప్లేట్లు 1906లో ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చాయి కానీ, వాటిని డెవలప్ చేయాలంటే డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కూడా పనికిరాదు. అంత టెన్షన్ ఎందుకని చాలామంది పాత ప్లేట్లతోనే నెట్టుకొచ్చారు.

చైనా నాటకంలో రంగు అలంకారం కాదు, అర్థం. ఎర్ర ముఖం సేనాని గువాన్ యు స్వామిభక్తికి గుర్తు, నల్ల ముఖం న్యాయాధికారి బావో జెంగ్ నిజాయితీకి. పాత ప్లేటు మీద ఇద్దరిదీ ఒకటే నలుపు. ఆ నలుపుని చూసి ఏఐ ఏ రంగు ఊహిస్తుంది?

బట్టల సంగతి చెప్పాలంటే లండన్ వెళ్లాలి. 1899లో డేలీస్ థియేటర్‌లో మొదలైన ‘శాన్ టాయ్’ అనే సంగీత నాటకం 768 ప్రదర్శనలు ఆడింది. కథ చైనాలో జరుగుతుంది. నాయిక వేషం వేసిన మేరీ టెంపెస్ట్‌కి, నిర్మాత జార్జ్ ఎడ్వర్డ్స్‌కి ప్యాంటు పొడవు దగ్గర గొడవైంది. ఆమె కత్తెర తీసుకుని దాన్ని పొట్టిగా కత్తిరించేసిందనీ, ఆ తర్వాత నాటకమే వదిలేసి పోయిందనీ చెప్పుకుంటారు. అలా లండన్ గ్రీన్‌రూమ్‌లో తేలిన కొలతల్ని ఇవాళ ‘చైనా సంప్రదాయ దుస్తులు’ అని క్యాప్షన్ పెట్టి తిప్పుతున్నారు.

అయినా ఈ ఫొటోలు దండగ అనను. ‘ది ఎల్లో జాకెట్’లో సామాన్లు అందించే మనిషి ఒకడుంటాడు. నల్ల బట్టలు వేసుకుని, సిగరెట్ తాగుతూ, కుర్చీలు జరిపి పడవ చేస్తాడు, నిచ్చెన వేసి స్వర్గం అంటాడు. ప్రేక్షకులు అతన్ని చూడనట్టే ఉండాలి. మన వీధి భాగవతంలో పాత్ర ప్రవేశానికి తెర పట్టుకునే ఇద్దరు లేరూ? ఎదురుగానే ఉంటారు, ఎవరికీ కనిపించరు. కెమెరాకి ఈ ఒప్పందం తెలియదు. రాకుమారుడితో పాటు అతన్నీ పట్టేస్తుంది. పైగా ప్లేటు మీద అసలు రంగులోనే పడేది అతని బట్టలే.