కణాలు వేగం పుంజుకునేది బ్లాక్ హోల్ అంచున కాదు
మైక్రోక్వేజార్లలో, అంటే పక్క నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటూ జెట్లను (సన్నని వేగవంతమైన ప్రవాహాలను) చిమ్మే బ్లాక్ హోల్ జంటల్లో, కణాలకు భారీ శక్తి బ్లాక్ హోల్ అంచునే వస్తుందని వాటిపై వచ్చిన వ్యాసంలో రాశారు. ఎస్ఎస్ 433 అనే మైక్రోక్వేజార్ విషయంలో మాత్రం ఇది ఒప్పుకోలేను. దాని జెట్లు కాంతి వేగంలో 26 శాతంతో బయల్దేరి, కొంత దూరం పోయాక ఎక్స్‌రేల్లో కనబడకుండా పోతాయి. సుమారు 80 కాంతి సంవత్సరాల అవతల ఉన్నట్టుండి మళ్లీ వెలుగుతాయి! ఆ ఎక్స్‌రేలు ఇచ్చే ఎలక్ట్రాన్లు శక్తిని చాలా త్వరగా పోగొట్టుకుంటాయి, బ్లాక్ హోల్ దగ్గర్నుంచి అంత దూరం దాన్ని మోసుకురాలేవు. అంటే అక్కడే, ఏదో షాక్ (వేగంగా పోయే ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించే హద్దు) దగ్గర, కొత్తగా వేగం అందుకుంటున్నాయన్నమాట. నమీబియాలోని హెస్ అనే గామా కిరణాల టెలిస్కోపుల బృందం 2024లో చూపించింది కూడా ఇదే. శక్తి 10 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు (టెరా అంటే లక్ష కోట్లు, ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే శక్తి కొలత) దాటిన గామా కిరణాలు జెట్ తిరిగి మొదలయ్యే చోటే కనిపించాయి, తక్కువ శక్తివి ఇంకా ముందుకు సాగాయి. ఇంత ముఖ్యమైన సంగతికి వ్యాసంలో ఒక్క పేరా అయినా ఇవ్వాల్సింది.