పాత ఫుట్‌బాలే అసలు ఫుట్‌బాల్ అనేవాళ్లకి ఒక ప్రశ్న

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) సీజన్ మొదలైతే చాలు, అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే గోల. ఎవడో ప్రత్యర్థి తలని గురిపెట్టి గుద్దుతాడు, రెఫరీ టార్గెటింగ్ అని బయటికి పంపుతాడు. వెంటనే "ఆటని సున్నితం చేసి చంపేశారు, పాతరోజుల్లో ఇలా ఉండేదా" అని మొదలు. ఎమ్మెస్ చేయడానికి మొన్న దిగిన కుర్రాళ్లు కూడా తాతల కాలం నుంచి చూస్తున్నట్టే మాట్లాడతారు.

సరే, పాతరోజులంటే ఏ రోజులు నాయనా?

1869 నవంబర్ 6న న్యూజెర్సీలోని న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడాయే, అదా? జట్టుకి 25 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తకూడదు, విసరకూడదు. రట్గర్స్ 6-4తో గెలిచింది. మీరు ఆరాధించే, పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఆ మైదానంలో పనే లేదు.

పోనీ 1880 తర్వాత సంగతి చూద్దాం. ఆట రూల్స్ దిద్దిన వాల్టర్ క్యాంప్ పట్టుబట్టి జట్టుకి 11 మందిని చేయించాడు, స్క్రిమ్మేజ్ లైన్ (ప్రతి ఆటకి ముందు రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే గీత) తెచ్చాడు. బాగానే ఉంది. కానీ బంతి ఒక జట్టు చేతికొస్తే ఎంతసేపు ఉంచుకోవచ్చో రూల్లో రాయలేదు. సందు దొరికితే ఊరుకుంటారా? 1881లో యేల్, ప్రిన్స్‌టన్ తలో సగం ఆట బంతిని వదలకుండా పట్టుకు కూర్చున్నాయి. స్కోరు 0-0. అది చూసిన జనం ఎంత తిట్టుకుని ఉంటారో! అందుకే 1882లో మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, ఐదు గజాలు ముందుకెళ్లాలి, లేదా బంతి ఇచ్చెయ్యాలి అన్నారు. ఇప్పుడు మనం గోళ్లు కొరుక్కుంటూ చూసే టెన్షన్ అంతా ఆ బోరు మ్యాచ్ పుణ్యమే.

పాయింట్లు ఇంకా విచిత్రం. 1883లో టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడానికి) 2, దాని తర్వాత కొట్టే కిక్‌కి 4, ఫీల్డ్ గోల్‌కి (ఆట మధ్యలో గోల్ స్తంభాల మధ్యకి కొట్టే కిక్‌కి) 5. టచ్‌డౌన్‌కి 6 వచ్చింది 1912లో. నాలుగో డౌన్ కూడా ఆ ఏడాదే.

ఇక మగతనం సంగతి. 1892లో యేల్ మీద హార్వర్డ్ ఫ్లయింగ్ వెడ్జ్ దించింది. ఆటగాళ్లు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, నాగలి కర్రులా కూడి, ఒక్కడి మీద పడేవాళ్లు. రెండేళ్లలో దాన్ని నిషేధించారు, గుంపుగా పడే ఆట మాత్రం ఆగలేదు. 1905 సీజన్‌లో హైస్కూళ్లు, కాలేజీలు అన్నీ కలిపి 18 మంది చనిపోయారని అప్పటి పత్రిక లెక్కగట్టింది. ఆ ఏడాది ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్టే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిచి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆట ఆడ్డానికి వెళ్లిన పిల్లాడు శవమై ఇంటికొస్తే ఆ తల్లిదండ్రుల దగ్గర "అసలు ఫుట్‌బాల్" అని అనగలరా?

ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకి విసరడం, 1906లో వచ్చింది ఇందుకే, ఆటగాళ్లు ఒకేచోట కుప్పపడకుండా చెదరాలని. అదీ భయపడుతూనే ఇచ్చారు. పాస్ ఎవరికీ తగలకుండా నేలపాలైతే బంతి అవతలి జట్టుకే. ఆ సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్‌కి అదే గతి పట్టింది. అప్పుడూ పెద్దలు ఇది ఆటే కాదని సణిగే ఉంటారు. హెల్మెట్ తప్పనిసరి కావడానికి 1939 దాకా పట్టింది, అది వేరే సిగ్గు.

అన్ని మార్పులూ మంచివేనని నేననను. బంతి పట్టుకున్నవాణ్ని వెనకనుంచి తొయ్యడం 1910లో వద్దన్నారు, గుంపు ఆట తగ్గాలనే. కాలేజీ ఆటలో 2013లో మళ్లీ ఒప్పుకున్నారు. టార్గెటింగ్‌కి బయటికి పంపడం మొదలైంది కూడా సరిగ్గా ఆ ఏడాదే! తలకి దెబ్బ తగలకూడదంటారు, ముగ్గురు కలిసి ఒకణ్ని మనుషుల గోడలోకి నెట్టొచ్చంటారు. పాతకాలం కావాలని గొంతు చించుకునేవాళ్లకి నిజంగా తిరిగొచ్చిన పాతకాలం అదొక్కటే, నన్నడిగితే దాన్నే మళ్లీ తీసెయ్యాలి.