స్కిప్ నొక్కే అభిమానితో నా పేచీ

అనిమే (జపాన్ యానిమేషన్) పాటల అభిమానుల మధ్య ఏళ్లుగా నలుగుతున్న ఒక వాదన నాకు బొత్తిగా మింగుడుపడదు. ఫలానా అనిమే కోసమే పుట్టిన పాట మాత్రమే అసలైన ‘అనిసోన్’ (అనిమే సాంగ్) అని, రికార్డు కంపెనీలు పేరున్న పాప్ బృందాల చేత పాడించి తగిలించినవన్నీ ‘టై-అప్’ సరుకని ఒక వర్గం తీర్పు చెబుతూ ఉంటుంది.

ఈ తీర్పు గాలిలోంచి పుట్టింది కాదు. 1972లో ‘మజింగర్ జెడ్’ అనే రోబో అనిమే పాట పాడిన ఇచిరో మిజుకి తరం గాయకులు రోబో పేరునే గొంతెత్తి పిలిచేవారు కాబట్టి, అది ఏ కథకు చెందిన పాటో వినేవారు అడగవలసిన అవసరమే ఉండేది కాదు. ఆయనే 2000లో హిరొనొబు కగెయమా తదితరులతో కలిసి జామ్ ప్రాజెక్ట్ అనే గాయక బృందాన్ని మొదలుపెట్టి ఆ సంప్రదాయాన్ని నిలబెట్టారు. ఆ గొంతులంటే నాకూ గౌరవమే.

కానీ అదే కొలబద్దతో ‘సిటీ హంటర్’ అనిమేను కొలిస్తే ఏం తేలుతుంది? 1987లో టీఎం నెట్‌వర్క్ పాడిన ‘గెట్ వైల్డ్’ అచ్చమైన పాప్ పాట. అయినా కథ ముగియకముందే, చివరి సన్నివేశం మీదనే దాని తొలి స్వరాలు మొదలై, మనకు తెలియకుండానే మనల్ని ఎండింగ్‌లోకి, అంటే ముగింపు పాటలోకి లాక్కుపోతాయి. 1993 నాటి బాస్కెట్‌బాల్ అనిమే ‘స్లామ్ డంక్’ తొలి ఓపెనింగ్ (ప్రారంభ పాట) సంగతి ఇంకా విచిత్రం. ప్రేమను అరిచి చెప్పాలనుందని సాగే ఆ పాటలో బాస్కెట్‌బాల్ ఊసే లేదు. అయినప్పటికీ ఆ ఓపెనింగ్‌లో కనిపించిన పాపానికి, జపాన్‌లోని కామకురాలో సముద్రం ఒడ్డున ఎనొడెన్ రైలు దాటే ఒక మామూలు లెవెల్ క్రాసింగ్ దగ్గర ఇవాళ్టికీ దేశదేశాల అభిమానులు ఫొటోల కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడుతున్నారు. స్థానికులు విసుక్కుంటున్నారు, అందులో వారి తప్పేమీ లేదు.

‘ఇవాంగెలియన్’ పాటను రాసిన నెకో ఒయికావా, తాను ఆ అనిమేను పూర్తిగా చూడకుండానే, కొంత భాగాన్ని వేగంగా తిప్పి చూసి రాశానని స్వయంగా చెప్పారు. 1995లో వచ్చిన ఆ పాటను జపాన్ కరావోకే గదుల్లో ఇప్పటికీ పాడుతున్నారంటే, గీత రచయితకు కథ మీద ఉండే భక్తి కూడా గీటురాయి కాదన్నమాట.

నా దృష్టిలో గీటురాయి ఆ 89 సెకన్లే. టీవీలో ఓపెనింగ్‌కు దక్కేది దాదాపు ఒకటిన్నర నిమిషం. ఏ మెలో (మొదటి చరణం), బీ మెలో (పల్లవికి ఎక్కించే భాగం), సాబి (పల్లవి) అనే మూడు మెట్లూ అందులోనే ఎక్కాలి, పేర్లన్నీ అందులోనే పడాలి, ఏ దెబ్బకు ఏ బొమ్మ మారాలో దర్శకుడు అందులోనే తేల్చుకోవాలి. పాట ఎవరిదైనా, ఈ ఇరుకులో బొమ్మతో అతుక్కుంటేనే అది అనిమే పాట అవుతుంది. పూర్తి నిడివి పాటను విడిగా విని మార్కులు వేసేవారు వేస్తున్నది మరో వస్తువుకు.

అందువల్ల నా అసలు కోపం టై-అప్‌ల మీద కాదు, స్కిప్ బటన్ మీద. పాట రాగానే హాల్లోంచి లేచి బయటికి నడిచే అలవాటు మన తెలుగు ప్రేక్షకులకు పాతదే కనుక ఆ బటన్ మనకు మరీ సులువుగా నచ్చిందని నా అనుమానం. వరుసగా ఎపిసోడ్లు చూసేటప్పుడు అదే పాట పన్నెండుసార్లు ఎందుకని అడిగేవారికి ‘జోజో’ అనిమే మూడో భాగాన్ని చూపిస్తాను. 2015లో ఆ భాగం ముగింపుకు వచ్చేసరికి, అప్పటిదాకా ఎప్పటిలాగే నడుస్తున్న ఓపెనింగ్ మధ్యలో ప్రతినాయకుడు డియో కాలాన్ని ఆపేస్తాడు. పాట ఆగిపోతుంది, బొమ్మలన్నీ బిగుసుకుపోతాయి, అతనొక్కడే కదులుతాడు. ఆ ఓపెనింగ్‌ను వారం వారం చూసినవారికే ఆ క్షణం గుండె జారుతుంది. బటన్ నొక్కినవారికి అలాంటిదొకటి జరిగిందన్న సంగతి కూడా తెలియదు. అలాంటివారే మర్నాడు రీల్‌లో ఇరవై సెకన్ల ముక్క విని ‘అత్యుత్తమ ఓపెనింగ్‌లు పది’ అని జాబితా పెడితే, నేను దానికి లైక్ కొట్టను.