బండిది గొప్ప, నడిపినామెది షికారు

చరిత్రలో మిలిటరీ ఆఫీసర్లకు జరిగినంత అన్యాయం ఇంకెవరికీ జరగలేదు. యుద్ధం గెలిస్తే సిపాయి గొప్ప, ఓడితే ఆఫీసరు తప్పు. ఇది చాలదన్నట్టు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆడవాళ్ళు వచ్చి, "మోటారు సైకిల్ మీద కబుర్లు మేం మోస్తాం" అని గుమ్మంలో నిలబడ్డారు. కాదనడానికి కారణాలు దొరక్క ఆ పెద్దమనుషులు పడ్డ అవస్థ గురించి ఎవరూ నాలుగు ముక్కలు రాసిన పాపాన పోలేదు. ఆ పుణ్యం నేను కట్టుకుంటున్నాను.

ముందు పని సంగతి. డిస్పాచ్ రైడర్ అంటే సైన్యంలో కబురు మోసే మనిషి. టెలిఫోను తీగలు ఫిరంగి దెబ్బకు తెగిపోతాయి, వైర్‌లెస్‌లో మాట్లాడితే శత్రువు వింటాడు. కాబట్టి కాగితాన్ని సంచిలో వేసుకుని, బండెక్కి, బురదలోనో చీకట్లోనో పడి వెళ్ళి ఇవ్వాల్సినవాళ్ళ చేతిలో పెట్టి రావాలి. లోపల ఏం రాసుందో మోసేవాళ్ళకు తెలియదు, తెలియకూడదు. ఈ మొత్తం పనిలో మీసం ఎక్కడ అవసరమవుతుందో తేల్చడమే ఆఫీసర్లకు వచ్చిన చిక్కు.

ఆ చిక్కును పీకలదాకా తెచ్చినవాళ్ళు అమెరికాలో అగస్టా, అడలైన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు. ఎనిమిదో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ వంశం వాళ్ళని పేరు, అంటే అల్లాటప్పా ఇంటి పిల్లలు కారు. 1916 జులై 4న బ్రూక్లిన్ నుంచి చెరో ఇండియన్ పవర్‌ప్లస్ బండి మీద బయల్దేరారు. వెయ్యి సీసీ బండి. (పేరు చూసి మనం ఛాతీ విరుచుకోనక్కర్లేదు, అది అమెరికా కంపెనీయే.) దేశం అప్పటికింకా యుద్ధంలోకి దిగలేదు, దిగడానికి సన్నాహాల్లో ఉంది. ఆ సన్నాహాల్లో ఆడవాళ్ళు కూడా డిస్పాచ్ రైడర్లుగా పనికొస్తారని దేశానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపి చూపించాలని వీళ్ళ పట్టుదల.

ఊరు దాటితే రోడ్డంటే బళ్ళ చక్రాల గాడి అనుకోవాల్సిన రోజులవి. కొలరాడో కొండల్లో బళ్ళు బురదలో కూరుకుపోతే అక్కడే వదిలేసి నడిచివెళ్ళి, గనుల్లో పనిచేసేవాళ్ళను పిలుచుకొచ్చి పైకి లాగించారు. పైక్స్ పీక్ అని 14,100 అడుగుల కొండ ఉంది. దాని నెత్తికి మోటారు సైకిల్ ఎక్కించిన మొదటి ఆడవాళ్ళు వీళ్ళే. సాల్ట్ లేక్ సిటీ దాటాక ఎడారిలో దారి తప్పారు. నీళ్ళు అడుగంటాయి. ఖనిజాలు వెతుక్కుంటూ తిరిగే ఎవరో మనిషి నీళ్ళతో ఎదురుపడబట్టి బతికారు. మొత్తానికి 60 రోజుల్లో 5,500 మైళ్ళు. కాలిఫోర్నియా చేరాక కూడా ఊరుకోలేదు, మెక్సికో సరిహద్దు దాటి టిహువానా దాకా పోయారు.

ఇప్పుడు చెప్పండి, ప్రభుత్వం ఏం చేయాలి? "ఆడవాళ్ళు అంత దూరం నడపలేరు" అన్న కారణం పోయింది. "రిపేర్లు రావు, బురదలో బెదిరిపోతారు" అన్నదీ పోయింది. అదృష్టం కొద్దీ పోలీసులున్నారు. చికాగో దాటాక చిన్న చిన్న ఊళ్ళలో ఈ అక్కచెల్లెళ్ళను ఆపి మరీ అరెస్టు చేశారు. స్పీడుగా పోయినందుకు కాదు. మగవాళ్ళ ప్యాంటు వేసుకున్నందుకు. పోలీసుల ఉద్దేశం మనం అర్థం చేసుకోవాలి. పాదాల దాకా జీరాడే గౌను వేసుకుని వెయ్యి సీసీ బండి నడిపితే అది వెనక చక్రంలో చుట్టుకుని బండి దానంతటదే ఆగుతుంది. అరెస్టు చేసే శ్రమ ఉండదు.

పోలీసులకు కుదరని పని పత్రికలు చేశాయి. డెన్వర్‌లో ఒక పత్రికయితే, దేశరక్షణ పేరు చెప్పి ఇంటి నుంచి తప్పించుకుని ఖాకీ బట్టల్లో ఒంటి సోయగం చూపించుకోవడానికి బయల్దేరారని తేల్చేసింది. మోటారు సైకిల్ పత్రికలు మరీ న్యాయంగా ఉన్నాయి. అవి బండిని మెచ్చుకున్నాయి. అబ్బ, ఏం బండి, ఏం ఇంజను, కొండెక్కింది, ఎడారి దాటింది! పైన కూర్చున్నవాళ్ళ సంగతా? వాళ్ళు సెలవులకు షికారు వెళ్ళారట. బండి తనంతట తాను కొండెక్కుతుంటే ఊరికే పైన కూర్చుని వెళ్ళారన్నమాట.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అడలైన్ డిస్పాచ్ రైడర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. తిప్పి పంపారు. అసలు అక్కచెల్లెళ్ళు బండెక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆడవాళ్ళకు ఓటెందుకు ఇవ్వకూడదయ్యా అంటే, వాళ్ళు యుద్ధంలో పనికిరారు కాబట్టి అనేవారు. పోనీ యుద్ధంలో పని ఇవ్వండి అంటే, మీరు ఆడవాళ్ళు కదా అనేవారు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. దేశమంతటా ఓటు రావడానికి 1920 దాకా పట్టింది.

అయితే అమెరికా సైన్యం ఆడవాళ్ళ చేత కబుర్లు మోయించలేదనుకుంటే పొరపాటే. చక్రాల మీద వద్దంది గాని తీగల మీద సరేనంది. ఫ్రాన్స్‌లో టెలిఫోన్లు చకచకా కలపడానికి ఫ్రెంచి వచ్చిన అమ్మాయిలు కావలసివచ్చి, 1918లో సిగ్నల్ కోర్, అంటే సైన్యంలో సమాచారాలు చూసే విభాగం, తరఫున 223 మందిని ఓడెక్కించారు. ప్రమాణం చేయించారు, యూనిఫాం తొడిగించారు. యుద్ధం అయిపోయి వాళ్ళు తిరిగొచ్చి మాజీ సైనికుల గుర్తింపు అడిగితే, "మీరు సైనికులని ఎవరన్నారు?" అని అడిగారు. సైనికులే అని ఒప్పుకుంటూ చట్టం వచ్చింది 1977లో. అప్పటికి వాళ్ళలో చాలామంది లేరు. ఫైలు కదలాలంటే టైం పడుతుంది మరి. ఎవరైనా ఆడమనిషికి బండిచ్చి పంపి ఉంటే కాస్త ముందే చేరేదేమో!

బ్రిటన్ వాళ్ళు ఈ విషయంలో ఇంకాస్త గడుసువాళ్ళు. 1914లో మైరి చిజం అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల, నాన్న కొనిచ్చిన డగ్లస్ మోటారు సైకిల్ మీద లండన్‌లో ఒక మహిళా సంస్థకు కబుర్లు మోసేది. అమ్మకు ఇష్టం లేదు, నాన్న కొనిపెట్టాడు. (ఈ కథ మన ఇళ్ళల్లో ఇప్పటికీ స్కూటీ దగ్గర నడుస్తోంది, బుల్లెట్ దాకా రాలేదు.) లండన్ ట్రాఫిక్‌లో ఆ పిల్ల బండి వంచి మలుపులు తిప్పడం హెక్టర్ మన్రో అనే డాక్టరు కంటపడింది. తన అంబులెన్సు దళానికి ఇలాంటి మనిషే కావాలనుకుని బెల్జియం తీసుకుపోయాడు. అక్కడ ఆమె, తన బండి స్నేహితురాలు ఎల్సీ నాకర్‌తో కలిసి పెర్వైజ్ అనే ఊళ్ళో, యుద్ధరంగానికి కూతవేటు దూరంలో, ఒక ఇంటి నేలమాళిగలో గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టింది. మిలిటరీ మెడల్ కూడా ఇచ్చారు. చూశారా, బ్రిటిష్ పద్ధతి! ముందు పని ఇవ్వరు. వాళ్ళంతట వాళ్ళు పోయి చేసుకుంటే మెడల్ ఇస్తారు.

1939లో మళ్ళీ యుద్ధం. 1919లో మూసేసిన మహిళా నౌకాదళ విభాగాన్ని, అంటే రెన్స్‌ని, దుమ్ము దులిపి తెరిచారు. పోస్టరు మీద పిలుపేమిటంటే, రెన్స్‌లో చేరి నౌకాదళానికి ఒక మగవాణ్ణి విడుదల చేయండి! ఈ ముక్క రాసినాయన ఎవరో గాని పాదాభివందనం చేయాలి. ఆమె బండి నడుపుతుందని గాని, రహస్యాలు మోస్తుందని గాని అందులో ఎక్కడా లేదు. ఆమె చేసేదల్లా ఒక మగవాణ్ణి విడుదల చేయడం. అదే కాగితం అతను మోస్తే దేశసేవ, ఈమె మోస్తే అతని ఖాళీలో పూరణ.

నడపగలరా అన్న అనుమానం అప్పటికీ కొందరికి పోలేదు. పోవలసిన అవసరం కూడా లేదు. 1934 డిసెంబరులో థెరీసా వాలక్, ఫ్లోరెన్స్ బ్లెన్‌కిరన్ అనే ఇద్దరు 600 సీసీ పాంథర్ బండికి సైడ్‌కారూ, వెనక ట్రైలరూ తగిలించుకుని లండన్ నుంచి కేప్‌టౌన్‌కు బయల్దేరారు. మధ్యలో సహారా. చేతిలో దిక్సూచి కూడా లేదు. 1935 జులై చివరికి చేరారు. ఆ థెరీసాయే యుద్ధం వచ్చాక సైన్యపు మహిళా విభాగం ఏటీఎస్‌లో చేరి మెకానిక్కుగా, డిస్పాచ్ రైడర్‌గా పనిచేసింది. సహారా దాటినామె ఇంగ్లండులో ఒక ఊరి నుంచి పక్క ఊరికి దారి తప్పకుండా పోగలదా అన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే.

నిజానికి ఇంగ్లండే కష్టం. 1940 వేసవిలో జర్మన్లు దిగుతారన్న భయంతో ఊళ్ళ పేర్ల బోర్డులు, దారి చూపే స్తంభాలు పీకేశారు. రాత్రయితే బ్లాకవుట్, ఎక్కడా దీపం కనబడకూడదు. హెడ్‌లైటుకు సన్న చీలిక ఉన్న ముసుగు. ఆ చీలికలోంచి కారే వెలుగులో ముందు చక్రం కనబడితే గొప్ప. రోడ్డు మీద కొత్తగా బాంబు గుంత పడిందేమో దగ్గరకు పోతే గాని తెలియదు. ఆడవాళ్ళకు దారులు గుర్తుండవన్నది ప్రపంచంలోని భర్తలందరూ ఏకగ్రీవంగా ఆమోదించిన సత్యం. అలాంటివాళ్ళను, శత్రువుకు కూడా దారి తెలియకూడదని బోర్డులు పీకేసిన దేశంలో, అర్ధరాత్రి సంచిచ్చి పంపారు. కబుర్లు చేరాయి. ఆ సత్యం మాత్రం చెక్కుచెదరలేదు.

హెల్మెట్టా? అది కూడా వెంటనే రాలేదు. 1935లో టి.ఇ. లారెన్స్, అదే 'లారెన్స్ ఆఫ్ అరేబియా', మోటారు సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి పోయినప్పుడు చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆయన డిస్పాచ్ రైడర్ల తలగాయాలన్నీ లెక్కగట్టి పోరగా పోరగా 1941 నవంబరుకు సైన్యంలో బండి నడిపేవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఆయన కష్టం ఊరికే పోలేదు, ఇవాళ హైదరాబాద్‌లో ప్రతి బండిమీదా హెల్మెట్ ఉంటుంది, మోచేతికి.

ఇక జీతం. బ్రిటన్ మహిళా విభాగాల్లో జీతం అదే హోదా మగవాడికిచ్చే దాంట్లో మూడింట రెండు వంతులు. ఇది అన్యాయం అనేవాళ్ళకు లెక్కలు రావు. ఆడమనిషి దగ్గర పడ్డ బాంబు కూడా మూడింట రెండు వంతులే పేలుతుందని ఖజానా వారి అంచనా అయివుండాలి. 1941లో ప్లిమత్ మీద జర్మన్ విమానాలు దీన్ని పరీక్షించాయి కూడా. పమేలా మెక్‌జార్జ్ అనే రెన్ డిస్పాచ్ రైడర్ కాగితాలు తీసుకుని పోతుంటే దగ్గర్లో బాంబు పడింది. బండి పనికిరాకుండా పోయింది. ఆమె దాన్ని అక్కడే వదిలేసి, సంచి పట్టుకుని, బాంబులు పడుతుండగానే దాదాపు అర మైలు పరుగెత్తి ఇవ్వాల్సినచోట ఇచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా, ఇంకేమైనా ఉంటే మళ్ళీ వెళ్తానంది. బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. అందులో మూడో వంతు కోసుకోకుండా పూర్తి మెడల్ ఇవ్వడం వారి ఉదారత.

ఖజానా వారి నిష్ఠ అక్కడితో ఆగలేదు. బాంబుదాడిలో గాయపడ్డ మామూలు పౌరులకిచ్చే పరిహారంలో కూడా ఆడవాళ్ళకు వారానికి 7 షిల్లింగులు తక్కువ. విరిగేది అదే ఎముక, ఖరీదులో తేడా. ఈ సూక్ష్మం అర్థంకాని మహిళా ఎంపీలు గోల చేసి 1943లో ఆ పరిహారం ఇద్దరికీ సమానం చేయించారు.

విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గరైతే ఆఫీసర్లు ఎంతో చక్కని ఏర్పాటు చేసుకున్నారు. విమానం ఎత్తు కొలవడం, గురి లెక్కగట్టడం, అన్నీ ఆడవాళ్ళు చేయొచ్చు. చివర్లో ఫిరంగి పేల్చేది మాత్రం మగవాడే. ధర్మం నిలబడింది. మోటారు సైకిల్‌కు అలాంటి ఏర్పాటు కుదరకపోవడం పెద్ద లోటు. అమ్మాయి బండి నడిపి, దారి వెతికి, గుంతలు తప్పించి, బాంబులు దాటి పోయాక, గుమ్మం దగ్గర కాగితం అందించడానికి ఒక మగవాణ్ణి నిలబెడితే సరిపోయేది. ఎవరికీ తట్టలేదు.

అలాగని మనవాళ్ళేమీ తక్కువ తినలేదు. సైన్యంలో కబుర్లు మోసే పని సిగ్నల్ కోర్‌ది. మోటారు సైకిల్ విన్యాసాల డేర్‌డెవిల్స్ జట్టు కూడా వాళ్ళదే. 2019 రిపబ్లిక్ డే నాడు ఆ జట్టులో కెప్టెన్ శిఖా సురభి రాజ్‌పథ్ మీద కదిలే బండి మీద నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టింది. ఆ వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన నిమిషానికే ఒక బాబాయి అడిగాడు: "బండి ఏదిరా, మూడువందల యాభైయా, ఐదువందలా?" ఆయన్ను నేను తప్పుపట్టను. ఆయనది 1916 నాటి సంప్రదాయం.

దానికి ఏడాది తర్వాత ఆడ ఆఫీసర్లకు శాశ్వత కమిషన్ (అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం), కమాండ్ పోస్టులు ఇచ్చే కేసులో మన కేంద్రప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఒక కారణం చెప్పుకుంది. జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళట, ఆడవాళ్ళ ఆజ్ఞలు తీసుకోవడానికి వాళ్ళ మనసులు ఇంకా సిద్ధంగా లేవట. పల్లెటూళ్ళో ఎవరి ఆజ్ఞ లేకుండా పాలేరు గొడ్డును విప్పడో ఆ నోటు రాసినాయనకు తెలిసుండదు. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదన కొట్టిపారేసింది. నా సానుభూతి పూర్తిగా ఆయనకే. పాపం, రాత్రంతా మేలుకుని రాసుంటాడు. కోర్టుకు పోయేముందు చికాగో అవతలి చిన్న ఊళ్ళ పోలీసు రికార్డులు ఒక్కసారి తిరగేసి ఉంటే, కనీసం ప్యాంటు పాయింటైనా దొరికేది.