రబ్బరుకు డీజిల్ అభ్యంగనం

ములుగు రోడ్డు నుంచి కాజీపేట దాకా ఏ వాటర్ వాష్ షెడ్డుకు పోయినా, బండి కడగడం అయ్యాక ఒక క్రతువు ఉంటుంది. సగానికి కోసిన నీళ్ల బాటిల్లో డీజిల్ వస్తుంది. అందులో పాత బనియన్ ముక్క ముంచి, పిండకుండా, నాలుగు డోర్ల బీడింగులకూ (అంచుల వెంట బిగించే రబ్బరు పట్టీలకు), అద్దాల చుట్టూ రబ్బర్లకూ, చివరికి వైపర్ బ్లేడ్లకూ పట్టిస్తారు. వైపర్లకెందుకయ్యా అంటే, "అది గూడ రబ్బరే గద సార్!" తర్కానికి తిరుగులేదు. తొలి చినుకు పడగానే అద్దమంతా రంగులు పరుచుకుంటాయి, ఎదురొచ్చే లారీకి నాలుగు లైట్లు ఎక్కువ కనిపిస్తాయి. ఓనర్ మాత్రం వంగి వంగి బీడింగు చూసి, షోరూంల నుంచి దించినట్టే ఉన్నదని మురిసిపోతాడు. నిజమే, శనివారం దాకా ఉంటుంది.

ఈ వైద్యాన్ని చిన్నచూపు చూడకండి. డోర్ బీడింగు ఎక్కువగా ఈపీడీఎం అనే ఒక రకం కృత్రిమ రబ్బరుతో చేస్తారు. ఎండకూ వానకూ ఓజోనుకూ ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. ఓరుగల్లు మే నెలకే లొంగని ఆ రబ్బరుకు బద్ధశత్రువు పెట్రోలియం నూనె. వెతికి వెతికి దాన్నే పూస్తున్నామంటే మన పరిశోధన ఎంత లోతో చూడండి! డీజిల్ తాగిన రబ్బరు ఉబ్బి నిగనిగలాడుతుంది. దాన్ని మెత్తగా ఉంచే నూనెలు డీజిల్‌తో పాటే బయటికి వచ్చేస్తాయి. ఆరాక కుంచించుకుపోయి, గట్టిపడి, మూలల దగ్గర పగులుతుంది. పగిలింది గనుక మళ్లీ డీజిల్.

అసలు పద్ధతిలో తమాషా లేదు, అందుకే ఎవరికీ నచ్చదు. అర బకెట్ నీళ్లలో ఒక మూతెడు కారు షాంపూ, ఒక పాత టూత్ బ్రష్. రబ్బరు మీది తెల్లటి పొడి పోయేదాకా తోమి, కడిగి, నీడలో ఆరనివ్వాలి. తర్వాత సెనగ గింజంత సిలికాన్ గ్రీజు జానెడు పొడవునా పల్చగా రాసి, అరగంటకు పొడిగుడ్డతో తుడిచేయాలి. మిగిల్తే దుమ్ము పట్టుకుంటుంది. బండికి పెయింటింగ్ పని ఉంటే అది అయ్యేదాకా సిలికాన్ జోలికే పోవద్దు, అంటిన చోట రంగు నిలవక గుంతలు పడుతుంది.

పది రూపాయల నోటు సందులో పెట్టి డోర్ మూసి లాగండి. బిగువు లేకుండా జారివస్తే, డోర్ జారిపోయిందేమో చూసుకుని బీడింగు మార్చాల్సిందే. అక్కడ ఇంకో విద్య ఉంది: పొదుపు కోసం బీడింగును సాగదీసి బిగించడం, అతుకును సరిగ్గా డ్రైవర్ తలమీద పెట్టడం, దానికి ఫెవిక్విక్ కొట్టడం. సాగినది ఎండకు వెనక్కి పోతుంది, ఫెవిక్విక్ గాజులా బిగుసుకుని డోర్ దెబ్బకు చిట్లుతుంది. అతుకు కింద, గడప దగ్గర ఉండాలి. బొటనవేలంత ఎక్కువే కోసి, లోపలికి నెట్టి కూర్చోబెట్టాలి. రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటకుండా అయ్యాకే నొక్కాలి.

వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి 2024లో మళ్లీ నిలబెట్టిన ఊరిది. బీడింగు విప్పడానికి మాత్రం ఓపిక లేదు. విప్పితే గదా కింద తుప్పు కనిపించేది! వైర్ బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరాక కొత్తది తొడగాలి. అది చేయరు సరే, డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలను పుట్టీతో మూసేస్తారు. అద్దం పక్కనుంచి డోర్‌లోకి నీళ్లు దిగుతాయని, ఆ రంధ్రాలు అందుకే ఉన్నాయని తెలిసే మూస్తారు. ఇది పనితనం కాదు, దొంగతనం! రేకు కుళ్లబెట్టేది వీళ్లే, మళ్లీ అదే రేకు అతికి వేలకు వేలు గుంజేది వీళ్లే. అడిగితే "పాత బండి గద సార్, గట్లనే ఉంటది" అంటరు. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లోనే ఆగిపోయినయి. ఆ డోర్ ఇప్పుడు ఎవడు తెచ్చిస్తడు?

ఇక వేలాడే రూఫ్ గుడ్డకు గుండుసూదుల వైద్యం. గుడ్డ వెనక ఫోమ్ ఏళ్ల వేడికి, తేమకు పొడై రాలుతోంది. పొడైన ఫోమ్‌కు మందు లేదు, కొత్త గమ్ కొట్టినా అది పట్టుకునేది పొడినే. రూఫ్ బోర్డు మడత పడకుండా బయటికి తీసి, పాత ఫోమ్ మొత్తం బ్రష్‌తో రాల్చి, ఫోమ్ అంటించిన కొత్త గుడ్డను వేడికి కరగని స్ప్రే గమ్‌తో మధ్యలోంచి అంచులకు వేయాలి. ఇదంతా విన్నాక మేస్త్రి సూదుల డబ్బా మూయకుండానే అంటాడు: "సూదులైతే ఇప్పుడే అయిపోతది సార్. గదంత చేయాల్నంటే బండి ఇడిసిపెట్టి పోండ్రి, దసరా అయినంక చూద్దం."