పందొమ్మిది మంది పిల్లలు, ఒకే సంతకం

2014 జూన్‌లో, పెళ్లికి సరిగ్గా ఒక రోజు ముందు, అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక తండ్రి 23 ఏళ్ల తన కుమార్తె ముందు ఒక కాగితం పెట్టి సంతకం చేయమన్నారు. ఆమెకు చూపింది సంతకం పేజీ ఒక్కటే. పెళ్లి పనుల హడావిడి ఒకవైపు, తండ్రి మాటకు ఎదురాడటం పాపమని నేర్పిన పెంపకం మరొకవైపు. ఆమె చదవకుండానే చేవ్రాలు చేశారు. ఆ కాగితంతో తాను మరో ఐదేళ్లు ఒక టెలివిజన్ కార్యక్రమానికి కట్టుబడిపోయిన సంగతి ఆ తర్వాతగాని అర్థం కాలేదని జిల్ డగ్గర్ డిలార్డ్ 2023లో ఒక డాక్యుమెంటరీలోను, అదే ఏడాది వెలువడిన తన ఆత్మకథలోను చెప్పుకొన్నారు. ఆమె పెళ్లిని అమెరికాలో దాదాపు 44 లక్షల మంది టీవీలో చూశారు. పెద్దదయ్యాక కూడా ఏడున్నరేళ్లపాటు కెమెరా ముందు గడిపిన తనకు ఆ కాలమంతా చెక్కు గాని, నగదు గాని అందలేదన్నది ఆమె ఫిర్యాదు.

జిల్ తల్లిదండ్రులు జిమ్ బాబ్, మిషెల్ డగ్గర్ దంపతులకు పందొమ్మిది మంది సంతానం. జిమ్ బాబ్ 1999 నుంచి 2003 వరకు ఆర్కన్సా ప్రతినిధుల సభలో సభ్యుడు. 2002లో అమెరికా సెనేట్‌కు రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరి ఓడిపోయారు. 2004లో డిస్కవరీ హెల్త్ చానల్ ఈ ఇంటిపై ఒక ప్రత్యేక కార్యక్రమం ప్రసారం చేసినప్పుడు పిల్లలు పద్నాలుగు మంది, తల్లి మళ్లీ గర్భవతి. 2008 సెప్టెంబరులో అది టీఎల్‌సీ చానల్‌లో ‘17 కిడ్స్ అండ్ కౌంటింగ్’ అనే ధారావాహికగా మారింది. కాన్పు కాన్పుకూ కార్యక్రమం పేరులోని అంకె 18కి, ఆ తర్వాత 19కి పెరిగింది. ఒక స్త్రీ ప్రసవం మీద ఆధారపడి పేరు మార్చుకునే కార్యక్రమం టెలివిజన్ చరిత్రలో అరుదు. (టీఎల్‌సీ పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే: 1972లో అమెరికా ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ, నాసా కలిసి ఉపగ్రహం ద్వారా చదువు చెప్పడానికి మొదలుపెట్టిన ప్రయత్నమది. టీఎల్‌సీలోని ‘ఎల్’ అక్షరానికి అర్థం ‘లెర్నింగ్’.)

ప్రేక్షకులు అందులో ఏం చూశారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ఆకర్షణను తక్కువ చేస్తే ఈ కథ అర్థం కాదు. టాంటీటౌన్‌లో దాదాపు ఏడు వేల చదరపు అడుగుల ఇల్లు. మగపిల్లలందరికీ ఒక గది, ఆడపిల్లలందరికీ ఒక గది, వసతిగృహంలో మాదిరిగా వరుసగా మంచాలు. ఇంట్లోనే తయారుచేసుకునే బట్టల సబ్బు, పెద్ద పెద్ద పళ్లేల్లో పొయ్యి నుంచి దిగే వంటలు, వయొలిన్ సాధన, పాత సరుకు కొని డబ్బు మిగుల్చుకోవాలన్న పొదుపు పాఠం. కేకలు లేవు, తగాదాలు లేవు, మొహాలపై చిరునవ్వు చెదరదు. పెద్ద కూతుళ్లు ఒక్కొక్కరికి ఇద్దరో ముగ్గురో చిన్న పిల్లలను ‘బడ్డీ’లుగా అప్పగించేవారు, వారి స్నానం, తిండి, చదువు, నిద్ర ఆ అక్క బాధ్యత. ఇంటి పెద్దకూతురే రెండో తల్లి కావడం మన పల్లెల్లోనూ తెలిసినదే, కానీ మన ఇళ్లలో అది లేమి తెచ్చిన బరువు. అక్కడ దానికి ఒక పద్ధతిగా పేరుపెట్టి, ఆదర్శంగా చూపి, వాణిజ్య ప్రకటనల మధ్య ప్రసారం చేశారు. బజారులో పొట్టి దుస్తుల స్త్రీ ఎదురైతే ఇంట్లోవారిలో ఎవరో ఒకరు ‘నైకీ’ అనేవారు. ఆ మాట వినగానే తండ్రి, కొడుకులు తలవంచి తమ బూట్ల వంక చూసుకోవాలి. అంత గట్టి కాపలా ఉన్న ఇల్లది.

ఈ క్రమశిక్షణకు మూలం క్రైస్తవ బోధకుడు బిల్ గోథార్డ్ 1961లో ఆరంభించిన సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఇన్ బేసిక్ లైఫ్ ప్రిన్సిపుల్స్. దాని బోధనలో ప్రధాన చిత్రం గొడుగు: అన్నిటికన్నా పైన క్రీస్తు, ఆయన కింద భర్త, ఆ కింద భార్య, అందరికన్నా కింద పిల్లలు. గొడుగు నీడ దాటితే కీడు తప్పదని, దానిలో చిరుగు కనిపించినా ఎత్తిచూపకుండా విధేయత పాటించాలని నేర్పుతారు. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు చిరపరిచితమైన 127వ కీర్తన సంతానాన్ని బలవంతుని చేతిలోని బాణాలతో పోలుస్తుంది. ‘అంబులపొది’ని వారితో నింపుకున్నవాడు ధన్యుడన్న మాటను పట్టుకుని, కుటుంబ నియంత్రణను దేవునిపై అపనమ్మకంగా భావించే ధోరణి అమెరికాలో ఒకటి ఏర్పడింది. డగ్గర్ల జీవనం ఆ ధోరణికి తెరమీది ముఖం. గోథార్డ్ మాత్రం, ముప్పై మందికి పైగా స్త్రీలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేసిన తర్వాత, 2014లో సంస్థ నుంచి వైదొలగవలసి వచ్చింది.

మా అభ్యంతరం క్రైస్తవం మీద కాదు, గంపెడు సంతానం మీద అంతకన్నా కాదు. ఎంతమందిని కనాలన్నది ఆ దంపతుల ఇష్టం, ఏ దేవుణ్ని ఎలా కొలవాలన్నదీ వారి ఇష్టమే. కూతుళ్లలో ఒకరైన జింజర్ వుఓలో 2023లో రాసిన పుస్తకంలో గోథార్డ్ బోధనలను తోసిపుచ్చినా విశ్వాసాన్ని విడిచిపెట్టలేదు. మేము వేలెత్తి చూపుతున్నది ఒక పొత్తు వైపు. ప్రశ్నించడం తప్పని నేర్చుకున్న పిల్లలు టెలివిజన్ నిర్మాతకు దొరికితే అతనికి అంతకన్నా సుకరమైన నటవర్గం ఉండదు. వారిలో ఎవరూ విశ్రాంతి అడగరు, పారితోషికం అడగరు, కెమెరా ఆపమనరు. ఆ ఇంటి తరఫున మాట్లాడేదీ, ఒప్పందం కుదుర్చుకునేదీ, డబ్బు తీసుకునేదీ ఒక్క తండ్రే. చానల్‌కు కావలసింది కూడా అదే. ప్రసవ సమయంలో తమకైన ఆసుపత్రి ఖర్చయినా ఇప్పించమని జిల్ దంపతులు కోరితే, కుటుంబానికి డబ్బు ఇచ్చేశామన్న జవాబు వచ్చిందని వారు చెబుతున్నారు. ‘కుటుంబం’ అనే మాటకు ఆ ఖాతాలో అర్థం తండ్రి.

ఇంటిగుట్టు బయటపడితే లంకకు చేటని మన సామెత. అన్నీ బయటపెట్టి, చెప్పవలసిన ఒక్కదాన్నే గుట్టుగా ఉంచిన ఇల్లు ఏమవుతుందో ఆ సామెత చెప్పలేదు. పెద్ద కుమారుడు జాష్ పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో, 2002, 2003 ప్రాంతంలో, అయిదుగురు బాలికలను లైంగికంగా వేధించాడు. వారిలో నలుగురు అతని చెల్లెళ్లే. తల్లిదండ్రులకు తెలిసింది. చర్చి పెద్దలకు చెప్పారు. తండ్రి అతణ్ని తనకు తెలిసిన ఒక పోలీసు అధికారి వద్దకు తీసుకువెళితే, ఆ అధికారి మందలించి పంపాడే తప్ప కేసు నమోదు చేయలేదు. తర్వాతి కాలంలో ఆ అధికారే బాలల అశ్లీల చిత్రాల కేసులో జైలుపాలయ్యాడు. 2006లో ఈ కుటుంబం టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే కార్యక్రమానికి రావలసి ఉండగా, ఆమె కార్యాలయానికి ఒక హెచ్చరిక లేఖ అందింది; వారు దాన్ని బాలల సంరక్షణ విభాగానికి తెలిపారు, పోలీసు విచారణ మొదలైంది, అయితే కేసు పెట్టడానికి చట్టం ఇచ్చిన మూడేళ్ల గడువు అప్పటికే దాటిపోయింది. ఇక్కడ తేదీలు గమనించాలి. విచారణ జరిగింది 2006 డిసెంబరులో. ధారావాహిక మొదలైంది 2008 సెప్టెంబరులో. పోలీసుల ఎదుట కూర్చుని నోరు విప్పవలసి వచ్చిన బాలికలు రెండేళ్లు తిరగకుండానే ప్రతి వారం కెమెరా ముందు నవ్వుతూ నిలబడ్డారు, వేధించిన అన్న పక్కనే. ఆ ఇంట్లోకి కెమెరాను మళ్లీ పిలిచిన తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదని ఎవరూ అనలేరు.

2015 మే నెలలో ‘ఇన్ టచ్’ పత్రిక సమాచార హక్కు ద్వారా సంపాదించిన పోలీసు నివేదికను ప్రచురించింది. నిజం బయటపడింది, కానీ బాధితులు ఎవరో పాఠకులు ఇట్టే పోల్చుకోగలిగేలా బయటపడింది. పేర్లు కొట్టివేసినంత మాత్రాన, ప్రతి కూతురి పేరు, వయసు దేశానికి కంఠోపాఠమైన ఇంట్లో దాపరికం ఎక్కడ మిగులుతుంది? అక్కాచెల్లెళ్లలో కొందరు ఆ పత్రిక మీద, నివేదికను విడుదల చేసిన స్థానిక అధికారుల మీద దావా వేశారు, నెగ్గలేదు. ఆ పత్రిక చేసిన పనిలో ప్రజాప్రయోజనం లేదని మేము అనం, అయితే ఒక బాలిక బాధను ముఖచిత్రంగా అమ్మే అలవాటు టీవీకి మాత్రమే ఉన్నదని కూడా మా వృత్తిలోని వారు ఎవరూ అనుకోవద్దు.

ఆ తర్వాత జరిగినది మాకు అన్నిటికన్నా బాధాకరంగా తోస్తుంది. 2015 జూన్‌లో తల్లిదండ్రులు, వారి వెంట ఇద్దరు కుమార్తెలు జిల్, జెస్సా, ఫాక్స్ న్యూస్ చానల్‌లో ఇంటర్వ్యూకు కూర్చున్నారు. బాధితులం మేమేనని ఆ అక్కాచెల్లెళ్లు లోకానికి చెప్పి, అన్నను సమర్థిస్తూ, పత్రికను తప్పుబడుతూ మాట్లాడారు. కార్యక్రమం ఊపిరి కొట్టుకుంటున్న వేళ దాన్ని నిలబెట్టే బరువు వారి నెత్తిన పడింది. తామే ముందుకొచ్చినా, సాయపడక తప్పదన్న భావనతో చేసిన పని అదని, ఇప్పుడైతే ఆ ఇంటర్వ్యూ ఇచ్చేదాన్ని కాదని జిల్ ఏళ్ల తర్వాత అన్నారు. జూలైలో టీఎల్‌సీ ఆ కార్యక్రమాన్ని రద్దు చేసింది. డిసెంబరుకల్లా అవే కూతుళ్ల పేర్లతో కొత్తది మొదలుపెట్టింది. తండ్రి పేరు పక్కకు తప్పుకుంది గాని ఇల్లు అదే, సరుకు అదే. 2021 ఏప్రిల్‌లో బాలల లైంగిక దోపిడీ చిత్రాలు సంపాదించిన నేరంపై జాష్ అరెస్టయ్యాక, జూన్‌లో గాని దానికీ తెరపడలేదు. డిసెంబరులో జ్యూరీ అతణ్ని దోషిగా తేల్చింది. 2022 మే నెలలో 151 నెలల జైలుశిక్ష పడింది. కంప్యూటర్‌లో అతను ఏం చూస్తున్నదీ భార్యకు తెలిపే నిఘా సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేదని, దాని కంటపడకుండా అతను అదే యంత్రంలో వేరొక భాగం ఏర్పరచుకున్నాడని విచారణలో తేలింది. తలవంచి బూట్లు చూసుకోవడం నేర్పిన ఇల్లే అది.

ఇంతకూ ఈ పిల్లలు చట్టం దృష్టిలో ఎవరు? 1938 నాటి అమెరికా సమాఖ్య కార్మిక చట్టం బాల నటులకు తన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. చాప్లిన్ సరసన నటించిన బాల నటుడు జాకీ కూగన్ సంపాదనంతా తల్లి, సవతితండ్రి ఖర్చుచేశాక, 1939లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసి బాల నటుల ఆదాయంలో కొంత వారి పేరిట దాచడం తప్పనిసరి చేసింది. కానీ రియాలిటీ కార్యక్రమాల నిర్మాతలు వేసుకున్న దారి వేరు: పిల్లలు నటించడం లేదు, తమ ఇంట్లో తాము బతుకుతున్నారు, మేము చిత్రీకరిస్తున్నాం అంతే. ఎనిమిది మంది పిల్లల మరో టీఎల్‌సీ కుటుంబంపై వివాదం చెలరేగాక పెన్సిల్వేనియా 2012లో తన చట్టాన్ని సవరించి రియాలిటీ కార్యక్రమాలను అందులోకి తెచ్చింది. ఇప్పుడు చానల్ కూడా అక్కర లేదు, అమ్మ చేతిలో ఫోను చాలు. అందుకే ఇల్లినాయ్ రాష్ట్రం 2024 జూలై నుంచి, తల్లిదండ్రుల వీడియోల్లో తగినంతగా కనిపించే పదహారేళ్లలోపు పిల్లలకు ఆదాయంలో వాటా దాచాలని నిర్దేశించింది. ఆరుగురు పిల్లల తల్లి అయిన ఒక యూట్యూబర్ బాలలను హింసించిన నేరానికి జైలుకు వెళ్లిన యూటా రాష్ట్రం 2025లో మరో అడుగు వేసి, పెద్దయ్యాక అలాంటి వీడియోలను తొలగించమని కోరే హక్కు కూడా ఇచ్చింది. డబ్బు కన్నా ఈ రెండో హక్కే విలువైనదని మేము భావిస్తున్నాం.

మన దగ్గర చట్టం లేకపోలేదు. 2016 సవరణ తర్వాత 2017లో వచ్చిన బాలకార్మిక నిబంధనల ప్రకారం, తెరమీద పనిచేసే పిల్లలను రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి ఉంచరాదు; వారి ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి; జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి పొందాలి; పిల్లల ఇష్టానికి విరుద్ధంగా పాల్గొననివ్వకూడదు. కాగితం మీద ఇది అమెరికాలోని చాలా రాష్ట్రాల కన్నా మెరుగు. అయితే బడి వేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయపడటానికి అదే చట్టం అనుమతిస్తుంది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, డాలస్‌లోనో ఒక తెలుగు ఇంట్లో బిడ్డకు తల దువ్వడం మొదలు తొలిరోజు బడిలో ఏడవడం దాకా వీడియోలు తీసి నెలనెలా ఆదాయం పొందుతున్న తల్లిదండ్రులు నిర్మాతల కింద లెక్కా, కుటుంబ వృత్తిదారుల కిందా? ఇండియాలోని ఇళ్ల విషయంలో ఈ సంగతి కేంద్ర కార్మికశాఖ స్పష్టం చేయాలి. నిర్మాతలే అయితే ఆ 20 శాతం ఎవరు జమ చేస్తున్నారో, ఎవరు తనిఖీ చేస్తున్నారో కూడా చెప్పాలి.

డగ్గర్ల పందొమ్మిదో సంతానం 2009 డిసెంబరులో, ఇరవై అయిదో వారంలోనే, దాదాపు 620 గ్రాముల బరువుతో పుట్టింది. ట్యూబుల మధ్య, అద్దాల పెట్టెలో ఉన్న ఆ పసికందును చూపిన దృశ్యాలు ప్రసారమయ్యాయి. ఆమెకు 2027 డిసెంబరులో 18 ఏళ్లు నిండుతాయి. ఆ దృశ్యాలకు ఒప్పుకుంటూ చేసిన సంతకం ఆమెది కాదు.